ఉద్యోగాలు చేసుకుంటూ, తలా ఒక ఊళ్లో ఉన్న స్నేహితులం కలిసి కంట్రీ (అమెరికా పల్లెపాటల నుంచి పుట్టిన సంగీతం) ఛాయలున్న ఆల్బమ్ చేయగలమా? ఎవరింట్లో వాళ్లు వాయించి ఫైళ్లు పంపుకుంటే సరిపోతుందా?

చేయగలరు. కానీ ఫైళ్లు పంపుకునే పద్ధతితో మాత్రం మొదలుపెట్టకండి. మేం అలాగే మొదలుపెట్టి నాలుగు నెలలు పోగొట్టుకున్నాం.

నేను విజయవాడలో కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను, ఇప్పుడు డల్లాస్‌లో ఉద్యోగం. ఆఫీసులో పరిచయమైన నలుగురికీ వేరే బ్యాండ్లున్నాయి. వాటిలో ఇమడక తలా రెండు పాటలు మిగిలిపోయాయి. అన్నీ కంట్రీ వైపు మొగ్గేవే. ముందు మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని లయ చూపే పరికరం) పెట్టుకుని ఎవరి భాగం వాళ్లు ఇంట్లో రికార్డు చేశాం. కలిపి వింటే తాళం ఎక్కడా తప్పలేదు, పాటలో ప్రాణమే లేదు. పాడేవాడు ఒక మాటను కాస్త సాగదీస్తే గిటార్ అతని కోసం ఆగాలి. మన కచేరీలో మృదంగం వాయించేవారు గాయకుడి ముఖం చూస్తూ వాయించరూ, అలా.

తర్వాత డ్రమ్మర్ గ్యారేజీలో రెండు వారాంతాలు కూర్చున్నాం. మైకులో రొద పడుతోందని ఏసీ ఆపేశాం. ఆగస్టు ఉక్కకి నా వయొలిన్ తీగలు దిగిపోతుంటే టేక్ టేక్‌కీ శ్రుతి చేసుకోవాల్సి వచ్చింది. అయినా ఎనిమిది పాటలూ పూర్తయ్యాయి.

ఒక్క పాట మాత్రం చాలా సతాయించింది. పెడల్ స్టీల్ గిటార్ (తీగల మీద లోహపు కడ్డీ జరుపుతూ వాయించేది) స్వరం నుంచి స్వరానికి జారుతుంది, నా గమకమూ అంతే. రెండూ ఒకేచోట పడితే శ్రుతి తప్పినట్టే వినిపించేది. చివరికి స్టీల్ జారేటప్పుడు నేను ఒకే స్వరం నిలిపి పట్టాను, పాట వరుసల మధ్య ఖాళీలో గమకం వేశాను. ఎదురెదురుగా కూర్చున్నాం కాబట్టే పావుగంటలో తేలింది.

అమెరికాలో కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ స్టూడియోల్లో కార్డ్‌లను (chords, ఒకేసారి మోగించే స్వరాల గుంపులను) ఆధార స్వరం నుంచి లెక్కపెట్టి 1, 4, 5 అని అంకెల్లో రాసుకుంటారు. జోర్డనైర్స్ అనే గాయక బృందంలోని నీల్ మాథ్యూస్ 1950ల చివర్లో మొదలుపెట్టిన పద్ధతి. గొంతు అందక శ్రుతి దించినా కాగితం మార్చక్కర్లేదు. షడ్జమం ఎక్కడ పెట్టుకున్నా స, మ, ప పేర్లు మారవు కదా, సంగీతం నేర్చుకున్న మనవాళ్లకు ఇది ఇట్టే పట్టుబడుతుంది. తప్పకుండా వాడండి.

సమయం చాలదని బెంగ వద్దు. 1988లో పేరుమోసిన రాక్ సంగీతకారులు జార్జ్ హారిసన్, బాబ్ డిలన్, టామ్ పెట్టీ, రాయ్ ఆర్బిసన్, జెఫ్ లిన్ కలిసి ట్రావెలింగ్ విల్బరీస్ పేరుతో ఆల్బమ్ చేసినప్పుడు డిలన్ కచేరీల యాత్రకు వెళ్లాల్సి ఉండడంతో చేతిలో ఉన్నవి పది రోజులే. లాస్ ఏంజెలెస్‌లో సంగీతకారుడు డేవ్ స్టువర్ట్ ఇంటి వంటగదిలో ఐదుగురూ గిటార్లు పట్టుకుని కూర్చున్నారు. ఒక పాటకి డ్రమ్మర్ జిమ్ కెల్ట్‌నర్ అక్కడున్న ఫ్రిజ్ మీదే దరువేశాడు! మిగతా మెరుగులు తర్వాత ఇంగ్లండ్‌లో హారిసన్ ఇంట్లో దిద్దుకున్నారు.

మీరూ అదే వరుస పాటించండి. గిటార్, డ్రమ్స్, ప్రధాన గొంతు ఒకే గదిలో పట్టండి. తోడు గొంతులు, మిక్సింగ్ ఎవరి ఊరి నుంచి వాళ్లు చేసుకోవచ్చు. పాట ఎవరిదైతే ఆ పాటకి ఆఖరి మాట వాళ్లదే అని, రాసినవాళ్ల వాటా ఎంతో కూడా ముందే కాగితం మీద పెట్టుకోండి. ఈ వారమే అందరి సెలవులూ చూసుకుని తేదీలు ఖాయం చేసేయండి.