నిమ్మకాయతో బల్బు వెలగకపోతే

టీచరు గారూ, నాలుగో తరగతి పిల్లల ముందు నిమ్మకాయకు మేకు, రాగితీగ గుచ్చినా టార్చిబల్బు వెలగలేదని, పిల్లలు చిన్నబుచ్చుకున్నారని రాశారు. లోపం మీది కాదు. ఒక్క కాయ నుంచి సుమారు 0.9 వోల్టులే వస్తాయి. పైగా టార్చిబల్బుకు కావలసినంత కరెంటును నిమ్మకాయలు ఇవ్వలేవు. జింకు పూత ఉన్న మేకులు తీసుకొని, ఒక కాయలోని రాగితీగను పక్క కాయలోని మేకుకు కలుపుతూ నాలుగు కాయలను వరుసగా జతచేసి, ఎర్ర ఎల్‌ఈడీ పొడవు కాలును చివర మిగిలిన రాగితీగకు, పొట్టి కాలును అవతలి చివరి మేకుకు తగిలించండి. వెలుగు మసకగానే ఉంటుంది కనుక కిటికీలు మూయించండి. ఇక్కడ ఖర్చయ్యేది ముఖ్యంగా జింకు అని తప్పక చెప్పండి. అది రసంలో కరుగుతుంది కాబట్టి ఆ కాయలను ఎవరినీ తిననివ్వకండి. అప్పుడు, బడి ఫ్యాను తిరగడానికి ఏది ఖర్చవుతోందని అడిగితే, కొత్తగూడెంలో మండే బొగ్గు దగ్గరికి, శ్రీశైలంలో కిందికి దూకే నీటి దగ్గరికి మాట దానంతటదే వెళ్తుంది.