బుగ్గన పడే సొట్ట, కారుకు పడ్డ సొట్ట: ఇంగ్లీషులో రెండూ డింపులేనా?

మీ ప్రశ్న ఇది: బుగ్గ మీది సొట్టను డింపుల్ అంటాం కదా, గడ్డం మీద, కారు మీద, గోల్ఫ్ బంతి మీద కనిపించేవాటినీ అలాగే అనొచ్చా? డెంట్, పిట్ అనే మాటలు ఎక్కడ వాడాలి?

బుగ్గ మీదిదీ గోల్ఫ్ బంతి మీదివీ డింపుల్సే. కారుకు పడ్డది మాత్రం డెంట్. మనకు పాపాయి బుగ్గకూ సొట్టే, కింద పడ్డ బిందెకూ సొట్టే కాబట్టి ఈ అనుమానం రావడం సహజం. ఇంగ్లీషులో మాత్రం ఆ గుంట ఎలా వచ్చిందో చూసి మాట ఎంచుకుంటారు. దెబ్బ తగిలి లోపలికి పోతే డెంట్. నున్నగా, లోతు లేకుండా, దెబ్బతో సంబంధం లేకుండా ఉంటే డింపుల్. తినేసినట్టో పొడిచినట్టో ఉంటే పిట్. నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్లు మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేశాను. అమెరికా డాక్టర్లు డిక్టేట్ చేసిన రిపోర్టులు విని టైప్ చేయడమే పని. ఈ తేడాలు నాకు నిఘంటువులో కంటే ఆ రిపోర్టుల్లోనే బాగా పట్టుబడ్డాయి.

ముందు ముఖం సంగతి. నవ్వినప్పుడు పెదవి మూలను పైకి లాగే జైగోమాటికస్ మేజర్ అనే కండరం కొందరిలో రెండు పాయలుగా ఉంటుంది. ఒక పాయ చర్మానికి అతుక్కుని ఉండటం వల్ల నవ్వగానే అక్కడ చర్మం లోపలికి పోతుంది. అందుకే చాలామందికి నవ్వితేనే సొట్ట కనిపిస్తుంది. ఇంగ్లీషులో దీన్ని క్రియగా కూడా వాడతారు: 'షి డింపుల్డ్' అంటే బుగ్గన సొట్ట పడేలా నవ్విందని. గడ్డం మధ్య నిలువుగా చీలినట్టు ఉంటే క్లెఫ్ట్ చిన్, గుండ్రంగా ఉంటే చిన్ డింపుల్. ఇక్కడొక జాగ్రత్త. క్లెఫ్ట్ లిప్ అంటే గ్రహణం మొర్రి. కాబట్టి క్లెఫ్ట్ అని ఊరికే వదిలేయకుండా పక్కన చిన్ అని తప్పకుండా చేర్చండి.

పసిపిల్లల రిపోర్టుల్లో తరచూ వినిపించే మాట స్యాక్రల్ డింపుల్. వెన్ను చివర, పిరుదుల చీలికకు కాస్త పైన ఉండే చిన్న గుంట ఇది. డాక్టర్ అక్కడితో ఆగరు. అడుగు కనిపిస్తోందా, చుట్టూ వెంట్రుకల కుచ్చు ఉందా, మలద్వారానికి ఎంత దూరంలో ఉంది, అన్నీ చెబుతారు. 5 మిల్లీమీటర్ల లోపు వెడల్పుతో, మలద్వారానికి 2.5 సెంటీమీటర్ల లోపు, మరే గుర్తూ లేకుండా ఉంటే దాన్ని సింపుల్ డింపుల్ అంటారు. మామూలుగా భయపడాల్సిన పని ఉండదు. రిపోర్టులో ఆ మాట చూసి టెన్షన్ పడే అమ్మానాన్నలకు ఈ సంగతి తెలియాలని నా కోరిక.

దీనికి పూర్తిగా ఎదురు అర్థం వచ్చే చోటు కూడా ఉంది. రొమ్ము పరీక్ష రిపోర్టులో 'స్కిన్ డింపులింగ్' అని ఉంటే అది ముద్దు మాట కాదు. లోపలి గడ్డ అక్కడి తంతువులను లాగడం వల్ల పైన చర్మం సొట్ట పడవచ్చు. రొమ్ము క్యాన్సర్ హెచ్చరిక గుర్తుల్లో ఇదొకటి. చర్మం ఉబ్బి, రోమకూపాలన్నీ గుంటల్లా తేలి నారింజ తొక్కలా ఉంటే పో దొరాంజ్ అంటారు, అది ఫ్రెంచి మాట. అద్దంలో చూసుకున్నప్పుడు ఇలాంటిది కొత్తగా కనిపిస్తే నొప్పి లేదు కదా అని ఊరుకోకండి, వెంటనే డాక్టర్‌కు చూపించండి. మా అమ్మకూ అక్కలకూ నేను ఈ మాట విడమరిచి చెప్పాను.

ఇక పిట్. కాలు వాచినప్పుడు బొటనవేలితో నొక్కి వదిలితే గుంట అలాగే నిలబడుతుంది చూశారా, అదే పిటింగ్ ఎడీమా. లోతును బట్టి 1 ప్లస్ నుంచి 4 ప్లస్ దాకా చెబుతారు. సుమారు 2 మిల్లీమీటర్లయితే 1 ప్లస్, 8 అయితే 4 ప్లస్. స్ఫోటకం మచ్చలు పాక్‌మార్క్స్. మొటిమల మచ్చల్లో సన్నగా లోతుగా ఉండేవి ఐస్ పిక్, అంచులు నిటారుగా ఉండేవి బాక్స్‌కార్. వీటిని డింపుల్ అంటే ఇంగ్లీషువాళ్లకు వింతగా ఉంటుంది.

వస్తువుల విషయం తేలికే. కావాలని చేసిన గుంట అయితే డింపుల్. గోల్ఫ్ బంతి మీది గుంటలకు విలియం టేలర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1905లో పేటెంట్ తీసుకున్నాడు. బంతి చుట్టూ గాలి త్వరగా విడిపోకుండా అవి చూస్తాయి కాబట్టి వెనక్కి లాగే బలం తగ్గి బంతి దూరం పోతుంది. విమానాల పలుచని రేకులో రివెట్ తల రేకుతో సమంగా కూర్చోవడానికి రంధ్రం చుట్టూ నొక్కే గుంట కూడా డింపులే. తుప్పు తినేసి పడ్డ గుంటలు పిటింగ్. కారుకు బాగా తగిలితే డెంట్, పార్కింగ్‌లో పక్క కారు తలుపు తగిలి పడ్డ చిన్నదైతే డింగ్. ఇన్సూరెన్స్ కాగితాల్లో మాత్రం డెంట్ అనే రాయండి.

కాగితానికి కూడా డింపుల్ పడుతుంది. 2000లో అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడాలో కొన్నిచోట్ల బ్యాలెట్ కార్డుకు చిల్లు పొడిచి ఓటు వేశారు. చిల్లు పడకుండా నొక్కు మాత్రమే పడిన ముక్కలను డింపుల్డ్ చాడ్ అన్నారు. ఆ నొక్కును ఓటుగా లెక్కించాలా వద్దా అన్న తగవు కోర్టులకు ఎక్కింది. చివరికి అక్కడ బుష్ ఆధిక్యం 537 ఓట్లు.