పొయ్యిలో కాలు, హాల్లో ఈల: పాత జానపదాల మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం మాయలు, మంత్రాలు, కత్తియుద్ధాల సినిమాల గురించే. పదును తగ్గకుండా కొన్నిటిని ఇక్కడ ఇస్తున్నాం.

విఠలాచార్య సినిమా ఫోన్లో పెడితే పది నిమిషాలకే ఆవలింతలొస్తాయి. అదే సినిమా హాల్లో జనం మధ్య చూస్తే గొంతు పోయేలా అరుస్తాం. ఏంది దీని మర్మం? – ఓ పాఠకుడు, కావలి

ఆ సినిమాల్లో ప్రతి మాయ తర్వాతా కాస్త ఖాళీ వదులుతారు, గమనించండి. దయ్యం నవ్వుతుంది, ఎదుటివాడు గుడ్లు తేలేస్తాడు, కథ మాత్రం అంగుళం కదలదు. ఒక్కరే కూర్చుని చూస్తే అది సాగదీత. హాల్లో అయితే ఈల వేసుకోవడానికి వదిలిన సందు. 1978 నాటి 'జగన్మోహిని'లో దయ్యం కట్టెలకు బదులు తన కాళ్లే పొయ్యిలో పెట్టి వంట చేసే ఘట్టం అందరికీ తెలిసిందే. ఏం జరగబోతోందో తెలిసిన జనం ఓ క్షణం ముందే గోల మొదలుపెడతారు.

రెండో కారణం తెర కొలత. మనిషి మాయమయ్యే ట్రిక్కే తీసుకుందాం. కెమెరాని స్టాండు మీద కదలకుండా బిగిస్తారు. మాంత్రికుడు చెయ్యెత్తగానే అందర్నీ ఉన్నచోటే బిగుసుకోమని చెప్పి కెమెరా ఆపుతారు. అతను పక్కకి తప్పుకుంటాడు. అక్కడ పొగ పెట్టి మళ్లీ కెమెరా నడుపుతారు. రెండు ముక్కలూ అతికిస్తే మనిషి మాయం. ఈ మధ్యలో వెనకున్న భటుడి ఈటె కాస్త ఒరిగినా, ఆరుబయట మబ్బు పట్టి వెలుగు మారినా బొమ్మ ఎగిరినట్టు తెలిసిపోతుంది. పదడుగుల వెడల్పు సెట్టు నలభై అడుగుల తెర నిండా పడితే, ఈటె అంగుళం ఒరగడం నాలుగంగుళాల గెంతు అవుతుంది. ఆరంగుళాల ఫోన్లో అదే కదలిక అంగుళంలో ఇరవయ్యో వంతు, కంటికే ఆనదు. దొంగ దొరికిపోయిన ఆ గెంతుకే హాలు పగలబడి నవ్వుతుంది. ఆ వెంటనే వచ్చే రాక్షసుడికి వెనక సీట్లో పిల్లాడు నిజంగానే జడుసుకుంటాడు. ఒకే హాల్లో ఈ రెండూ జరగాలి. నవ్వొక్కటే మిగిలిన చోట ఈ సినిమాలు అరగంటకి మించి నిలబడవు.

ఓ ఆదివారం పొద్దున హాలు అద్దెకు తీసుకుని నలుపు తెలుపు జానపదం ఒకటి వేద్దామనుకుంటున్నాం. యూట్యూబు నుంచి దించి పెన్‌డ్రైవ్‌లో ఇస్తే ఆడదా? – మిత్రబృందం, కందుకూరు

ఆడినా ఆడించకూడదు. సినిమాకి థియేటర్ హక్కులు, శాటిలైట్ హక్కులు, నెట్ హక్కులు వేర్వేరు. యూట్యూబులో పెట్టినవాళ్ల దగ్గర థియేటర్ హక్కు ఉండాలని లేదు. నెగెటివ్ హక్కులు, అంటే సినిమా అసలు హక్కులు, ఎవరి చేతిలో ఉన్నాయో కనుక్కుని, ఊరు, హాలు, తేదీ, ఎన్ని ఆటలు అన్నది రాయించి ఉత్తరం తీసుకోండి. డబ్బు ఆ తర్వాతే.

హాలుకి కావలసింది డీసీపీ, అంటే డిజిటల్ ప్రింటు. రెండున్నర గంటల సినిమా వంద జీబీ దాటడం మామూలే. హాల్లో సినిమా నడిపే సర్వర్‌లోకి ఎక్కడానికి గంట పైనే పట్టొచ్చు కాబట్టి ఆట పొద్దునైతే డిస్కు ముందురోజే హాలుకి చేరాలి. ప్రింటుకి తాళం ఉంటే కేడీఎం అనే డిజిటల్ తాళంచెవి విడిగా వస్తుంది. అది ఒక్క సర్వర్‌కీ, ఒక్క గడువుకీ మాత్రమే పనిచేస్తుంది. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఆదివారం పదింటికి మొదలయ్యే తాళంచెవి తెప్పించుకుంటే శనివారం రాత్రి పరీక్షకి ప్రింటు తెరుచుకోదు, తప్పేదైనా ఉంటే జనం కూర్చున్నాకే బయటపడుతుంది. శనివారం సాయంత్రం నుంచే గడువు అడగండి. హాలువాళ్లు ఈమధ్య సర్వర్ మార్చి ఉంటే కొత్త సర్వర్ వివరాలే పంపాలి.

ఇక బొమ్మ. తెలుగులో తొలి సినిమాస్కోప్, అంటే బాగా వెడల్పాటి బొమ్మ, 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు'. అంతకు ముందువేవీ స్కోపు కావు. పాత నలుపు తెలుపు బొమ్మ ఎత్తు 1 అయితే వెడల్పు సుమారు 1.37. 2కే అనే కొలతలో చేసిన ప్రింటులో దీన్ని 1998 × 1080 'ఫ్లాట్' చట్రంలో పెడితే బొమ్మకి 1480 చుక్కల వెడల్పు, రెండు పక్కలా 259 చొప్పున నలుపు మిగలాలి. తెర ఖాళీగా ఉందని ఎవరో గొణిగితే ఆపరేటరు స్కోపులోకి నింపేస్తాడు. అప్పుడు ఎత్తులో నూటికి 43 పాళ్లు కోసుకుపోతుంది: పైన కిరీటాలు, కింద కాళ్లు. పొయ్యిలో కాలే కనపడని దయ్యాన్ని ఏం చేసుకుంటాం? కొయ్యకుండా అడ్డంగా లాగితే గుర్రం గేదె అవుతుంది. ఆ పక్కల నలుపు తప్పు కాదని జనానికి ఆట ముందే మైకులో చెప్పేయండి, గొడవ ఉండదు.

సౌండు మోనో, అంటే ఒకే ట్రాకు. తెర వెనక నడిమి స్పీకరులోంచే రావాలి. గోడల మీది స్పీకర్లలో కూడా పెడితే మాటలు ఒకదానిమీదొకటి పడి గుడిలో మైకులా మోగుతుంది. హాలు సౌండ్ ప్రాసెసర్ మీద 7 అనేది ప్రామాణిక స్థాయి. పాత ట్రాకుని 5 దగ్గర మొదలుపెట్టి, సగం నిండిన హాల్లో విని పెంచుకోండి. జనం బట్టలూ ఒళ్లూ శబ్దాన్ని తాగుతాయి, ఖాళీ హాల్లో సరిపోయిన సౌండు తర్వాత చాలదు.

కాగితాలు ఎగరేయడం, హారతివ్వడం, పాలు పొయ్యడం లేకుండా ఇలాంటి ఆట ఏం బాగుంటుంది? హాలువాళ్లు ఒప్పుకోవడం లేదు. – ఓ అభిమాని, ఒంగోలు

హాలువాళ్ల వైపే మేమూ. తెర అంటే వెలుగుని తిప్పికొట్టే పూత పూసిన పలక. వెనక స్పీకర్ల కోసం దాన్నిండా సన్నటి చిల్లులుంటాయి. పాలు పడ్డ మరక పోదు. తుడిస్తే ఆ మేర పూత లేచి, వెలుగున్న ప్రతి సీన్లోనూ మచ్చ కనపడుతుంది. రూపాయి బిళ్ల విసిరితే తెరకి చిల్లే. కర్పూరం, టపాకాయల సంగతి చెప్పనక్కర్లేదు: సీట్లలో ఫోమ్ అంటుకుంటే మంట కన్నా ముందు విషప్పొగ కమ్మేస్తుంది.

కాగితాలకి ఒప్పించొచ్చు. పాత పేపరు రెండంగుళాల ముక్కలు చేసి, వరసకొక సంచీ చొప్పున ఇవ్వండి. చమ్కీలు, థర్మాకోల్ గుండ్లు వద్దు, ఏసీ జాలీల్లో ఇరుక్కుంటాయి. ఊడ్చే మనుషులకి కూలీ మీరే కడతామని ముందే మాటివ్వండి, సగం అభ్యంతరం అక్కడే పోతుంది.

ఈ సరదా మన ఒక్కరిదే కాదు. 1975లో వచ్చి బోల్తాపడ్డ 'ది రాకీ హారర్ పిక్చర్ షో'ని 1976 నుంచి న్యూయార్కులోని వేవర్లీ థియేటర్లో అర్ధరాత్రి ఆటలుగా వేస్తే జనం వేషాలు కట్టుకొచ్చి, పెళ్లి సీన్లో బియ్యం చల్లడం మొదలుపెట్టారు. 2003 నాటి 'ది రూమ్'కి తెర మీద చెంచా ఫొటో కనపడినప్పుడల్లా ప్లాస్టిక్ చెంచాలు విసురుతారు. బియ్యం మాత్రం మీరు అనుకరించకండి. చీకట్లో మెట్ల మీద కాలు జారుతుంది.

కావాలనే ఓవర్ యాక్షన్, నాసిరకం గ్రాఫిక్సుతో షార్ట్ ఫిల్మ్ తీస్తే కల్ట్ అవుతుందా? – డిగ్రీ విద్యార్థులు, కనిగిరి

కాదు. ఈ తరహా అతిని 'క్యాంప్' అంటారు. దాని మీద 1964లో అమెరికన్ రచయిత్రి సుసాన్ సోంటాగ్ రాసిన వ్యాసంలోనే ఉంది: తెలియక చేసిన అతికి ఉన్న రుచి తెలిసి చేసినదానికి రాదని. పొయ్యిలో కాలు పెట్టించినవాళ్లు వెక్కిరించలేదు, భయపెడదామనే చూశారు.

మా తాతగారు టూరింగ్ టాకీస్ నడిపారు. అటక మీద రీళ్ల డబ్బాలు దొరికాయి, తెరిస్తే పుల్లటి వాసన. ఎక్కడైనా వేయించుకోవచ్చా? – ఓ పాఠకురాలు, ఆత్మకూరు

ప్రొజెక్టరు ఎక్కించవద్దండీ. ఆ పులుపు వెనిగర్ వాసన. ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము కుళ్లేటప్పుడు వదిలే ఆమ్లమది. అలాంటి ఫిల్ము కుంచించుకుపోయి, పక్క చిల్లులు పళ్లచక్రానికి కుదరక చిరిగిపోతుంది. పక్క డబ్బాలకీ అంటిస్తుంది కాబట్టి వాసనున్నవి వేరు చేయండి. ప్లాస్టిక్ కవర్లో గాలాడకుండా కట్టొద్దు.

ముందు ఫిల్ము అంచున 'సేఫ్టీ' అన్న ఇంగ్లీషు అక్షరాలున్నాయేమో భూతద్దంతో చూడండి. లేకపోతే, సినిమా 1950ల మొదటికి ముందుదైతే, నైట్రేట్ అనే, ఇట్టే అంటుకునే పాత రకం ఫిల్ము కావచ్చు. అది అంటుకుంటే నీళ్లకి ఆరదు, ఇంట్లో ఉంచకూడదు. మిగతావాటిని రోహిణీ కార్తెలో పెనంలా కాలే అటక మీద నుంచి దించి, ఇంట్లో చల్లగా, పొడిగా ఉండే గదిలో పడుకోబెట్టి పేర్చండి. నూలు చేతితొడుగులు వేసుకునే ముట్టుకోండి.

మొత్తం సినిమా ఉందో లేదో లెక్క తేలికే. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. రెండున్నర గంటలకి 13,500 అడుగులు, రెండు వేల అడుగుల డబ్బాలైతే ఏడు. రంగు సినిమా గులాబీ రంగుకి తిరిగి ఉంటే అది రంగు వెలిసిపోవడమే, ప్రింటు తప్పు కాదు. రీళ్లు మీవే అయినా ఆడించే హక్కు మీది కాదు. పుణెలో 1964 నుంచి ఉన్న జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కి డబ్బాల సంఖ్య, పేర్లు, అంచుల ఫొటోలు ముందు పంపండి. వాళ్లు అడిగేదాకా డబ్బాలు పార్సిల్ చేయొద్దు.