టాకో చేతిలో విరగకుండా: పాఠకుల సందేహాలు, మా జవాబులు

ప్రశ్న: పిల్లలు సరదాపడితే మెక్సికన్ ఫాస్ట్‌ఫుడ్‌కి వెళ్లామండి. టాకో కొరకగానే నిలువునా చీలి, లోపలిదంతా ఒళ్లో పడింది. అది తినే పద్ధతేంటి?
(ఒక పాఠకురాలు, అమలాపురం)

టాకో అంటే లోపల కూర పెట్టి మడిచిన రొట్టె. గట్టి టాకో షెల్ అంటే మడతపెట్టి నూనెలో వేయించిన మొక్కజొన్న రొట్టె. దాని బలహీనతంతా అడుగున ఉన్న ఆ వంపులోనే ఉంది. సల్సా (టమాటా, మిరపకాయల పచ్చడి లాంటిది) నీరు, టమాటా రసం కిందికి దిగితే కాసేపటికే వంపు నానుతుంది. పక్కలు మాత్రం కరకరలాడుతూనే ఉంటాయి. కొరికిన అదురుకి నానిన చోట చీలిపోతుంది.

కౌంటర్లో మీ కళ్లెదుటే నింపుతారు కాబట్టి వరస మీరే చెప్పండి. అడుగున చీజ్ గానీ చిక్కటి బీన్స్ ముద్ద (రాజ్మా లాంటి గింజలు ఉడికించి మెదిపింది) గానీ వేయించుకుంటే అది అడ్డుకట్టలా తడిని ఆపుతుంది. దానిమీద చికెన్, ఆపైన లెట్యూస్. సల్సా విడిగా చిన్న కప్పులో అడిగి, కాటు కాటుకీ కాస్త వేసుకోండి. తినేటప్పుడు టాకోని వంచకూడదు, తలే పక్కకి వంచాలి. టేబుల్ మీదికి రాగానే తినేయాలి, ఫొటోలకని ఆగితే అడుగు మెత్తబడుతుంది.

మెత్తటి టాకో తక్కువరకం అనుకోవద్దు. మెక్సికో వీధుల్లో అమ్మేవి ఎక్కువగా అవే, చిన్న మొక్కజొన్న రొట్టెలతో చేసినవి. గట్టి షెల్‌ని ఊరూరా తిప్పింది అమెరికా ఫాస్ట్‌ఫుడ్. టాకో బెల్ అనే ఫాస్ట్‌ఫుడ్ సంస్థ 1962లో మొదలైంది కాలిఫోర్నియాలో. మొదటిసారి వెళ్లేవాళ్లకి మెత్తటిదే మా సలహా.

ప్రశ్న: బురిటో మీద చుట్టిన రేకు కాగితం మొత్తం తీసేసి తినాలా?
(ఒక పాఠకుడు, రావులపాలెం)

తీయకండి. బురిటో అంటే అన్నం, బీన్స్, కూర పెట్టి చుట్టిన మైదా రొట్టె, ఆ కాగితమే దానికి పట్టు. నిలువుగా పట్టుకుని, పైనుంచి అంగుళం చొప్పున చింపుకుంటూ తినండి. అడుగు మడత ఆఖరివరకూ కాగితంలోనే ఉండాలి.

బురిటో పగిలిందంటే తప్పు సాధారణంగా రెండు చోట్ల జరుగుతుంది. ఒకటి, రొట్టెని సరిగా వేడిచేయకపోవడం. మీకు దగ్గర్లోని ఆత్రేయపురంలో పూతరేకుని తడిగుడ్డతో మెత్తబరిచాకే మడతపెడతారు కదా, ఇదీ అంతే. 12 అంగుళాల మైదా రొట్టె ఆవిరికో పెనం వేడికో మెత్తబడితేనే మడతకి లొంగుతుంది. రెండోది, ఆశకొద్దీ అన్నీ వేయమనడం. అన్నం, బీన్స్, ఒక కూర, ఒక సల్సా చాలు. బీన్స్ నీరు ఓడ్చి వేయమనండి. అన్నీ కావాలంటే రొట్టె లేకుండా గిన్నెలో ఇచ్చే బౌల్ తీసుకోండి. పార్సిల్‌కీ బౌలే మేలు. నాచోస్ (చీజ్ సాస్‌తో ఇచ్చే మొక్కజొన్న చిప్స్) పార్సిల్ చేయించుకుంటే చీజ్ సాస్ వేరే డబ్బాలో పెట్టమనండి, లేకపోతే ఇంటికొచ్చేసరికి అంబలి అవుతుంది.

ప్రశ్న: హాలపీన్యో మిరపకాయలు చాలా కారమా?
(ఒక పాఠకురాలు, తణుకు)

మీకు చప్పగానే ఉంటాయి. కారాన్ని కొలిచే స్కోవిల్ కొలతలో హాలపీన్యో 2,500 నుంచి 8,000, గుంటూరు సన్నం దాదాపు 35,000. చిపోట్లే సాస్ అంటే పండిన హాలపీన్యోని పొగబెట్టి ఎండబెట్టి చేసింది. హబనేరో (ఇంకో రకం మిరపకాయ) అని రాసుంటే మాత్రం జాగ్రత్త, అది లక్ష దాటుతుంది. నోరు మండితే నీళ్లు పనిచేయవు, సోర్ క్రీమ్ (పుల్లటి మీగడ) తినండి.

ప్రశ్న: మేము శాకాహారులం. బీన్స్, అన్నం నిర్భయంగా తినొచ్చాండీ?
(ఒక పాఠకుడు, పాలకొల్లు)

అడిగి తినండి. మెక్సికోలో వేయించిన బీన్స్ ముద్దకి పంది కొవ్వు, అన్నానికి కోడి రసం వాడటం మామూలే. మన దేశంలో ఆకుపచ్చ చుక్క చూసుకోండి. విదేశాలకి వెళ్లినప్పుడు ఈ రెండిటి గురించీ తప్పకుండా అడగండి.

ప్రశ్న: ఇంట్లో మొక్కజొన్న పిండితో రొట్టె చేస్తే అంచులు పగిలిపోతున్నాయి. లోపం ఎక్కడ?
(ఒక పాఠకురాలు, మండపేట)

పిండిలోనే. మెక్సికో వాళ్లు మొక్కజొన్నని సున్నంతో ఉడికించాకే రుబ్బుతారు. సున్నం గింజ మీది తొక్కని వదులుచేసి, పిండికి జిగురు తెస్తుంది. గింజలోని నయాసిన్ విటమిన్ ఒంటికి పట్టేదీ అప్పుడే. మామూలు పిండికి ఆ జిగురు రాదు. కస్టర్డ్‌లో వాడే తెల్లటి కార్న్‌ఫ్లోర్ ఉత్త గంజిపొడి, అది అసలు పనికిరాదు.

కిలో ఎండు మొక్కజొన్నలకి 3 లీటర్ల నీళ్లు, 10 గ్రాముల తినే పొడి సున్నం. స్టీలు గిన్నెలోనే చేయండి, అల్యూమినియాన్ని సున్నం తినేస్తుంది. సన్న మంట మీద 40 నిమిషాలు ఉడికించి, రాత్రంతా అందులోనే నాననివ్వండి. పొద్దున్న తొక్కలు రుద్ది, రెండు మూడు నీళ్లు మార్చి కడిగి, గ్రైండర్లో వీలైనంత తక్కువ నీటితో గట్టిగా రుబ్బండి. ఉండని రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య ఒత్తండి. అంచు పగిలితే నీళ్లు చాలలేదు, కాగితానికి అంటుకుంటే ఎక్కువయ్యాయి. పెనం బాగా కాగాలి.

లోపలికి మన చెరువుల వనామీ రొయ్యలు పెట్టండి. ఆ రొయ్య పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరమే. ఒక్కో వైపు రెండు నిమిషాలు వేయించి, ఊరిన నీరు వంపేశాకే రొట్టెలో పెట్టండి.