ఆరు వారాల వీరుడి మిగతా అరవై ఏళ్ళు

అమ్మడూ,

అమెరికా నౌకాదళ పైలట్ డేవిడ్ ఇంగాల్స్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి ప్రపంచయుద్ధం భాగం ఒక్క బిగిని చదివించావు. కానీ తల్లీ, 86 ఏళ్ళు బతికిన మనిషి గురించి రాస్తూ ముప్పాతిక వంతు 1918 ఆగస్టు, సెప్టెంబరు నెలలకే ఇచ్చేశావు. తర్వాత "లాయరయ్యాడు, ప్రభుత్వంలో పనిచేశాడు" అంటూ ఒక్క వాక్యంలో తాంబూలం ఇచ్చి పంపేశావు.

ఆ పోరాటాన్ని రెండు పేరాల్లో ముగించు. 19 ఏళ్ళ కుర్రాడు, ఫ్రాన్సులో డంకర్క్ దగ్గర బ్రిటిష్ వాళ్ళ 213వ స్క్వాడ్రన్‌లో సాప్‌విత్ క్యామెల్ అనే యుద్ధవిమానం నడిపాడు. ఆ యుద్ధంలో అమెరికా నౌకాదళంలో ఏస్ (గాలిలో కనీసం అయిదు విజయాలు సాధించిన పైలట్) అనిపించుకున్నది ఆయనొక్కడే. "ఆరు విమానాలు కూల్చాడు" అన్నావు, అది దిద్దుకో. ఆ ఆరింటిలో ఒకటి శత్రువుల నిఘా బెలూను. పైగా చాలామటుకు తోటి పైలట్లతో కలిసి సాధించినవే. ఈ మాట రాస్తే ఆయన పరువేం పోదులే.

డబ్బు సంగతి అసలు ఎత్తలేదేం? ఇంగాల్స్ చదివిన యేల్ విశ్వవిద్యాలయం విద్యార్థులు 1916లో సైన్యంతో పనిలేకుండా విమానాలు నేర్చుకోగలిగారంటే, వెనక వాళ్ళ నాయకుడు ట్రూబీ డేవిసన్ తండ్రి ఉన్నాడు, మోర్గాన్ బ్యాంకు భాగస్వామి. ఇంగాల్స్ తల్లి అధ్యక్షుడు టాఫ్ట్ కుటుంబపు ఆడపడుచు. ధైర్యం ఆయనదే, తలుపులు మాత్రం ముందే తెరిచి ఉన్నాయి. రెండూ పక్కపక్కనే రాయి.

లా చదువు దగ్గర కాస్త ఆగు. 1923లో హార్వర్డ్ నుంచి పట్టా, క్లీవ్‌లాండ్‌లో ప్రాక్టీసు, తర్వాత ఒహాయో శాసనసభ. అక్కడ రాష్ట్ర విమానయాన చట్టం తేవడంలో ఆయన చెయ్యి ఉంది. పైలటూ లాయరూ ఒకే మనిషిలో కలిసింది అక్కడే. నువ్వు దాన్ని పూర్తిగా వదిలేశావు!

1929లో, 30 ఏళ్ళకే, అధ్యక్షుడు హూవర్ ప్రభుత్వంలో నౌకాదళ విమాన విభాగానికి సహాయ కార్యదర్శి అయ్యాడు. నీ వ్యాసానికి గుండెకాయ ఇదే కావాలి. "నౌకాదళ విమానాలను మూడింతలు చేశాడు" అన్న మాట నీకు చాలాచోట్ల దొరుకుతుంది. చప్పట్లు కొట్టే ముందు 1926 నాటి చట్టం తీసి చూడు. అయిదేళ్ళలో వెయ్యి విమానాలన్న కార్యక్రమం అందులోనిదే, ఈ పదవిని పుట్టించిందీ అదే. ఇంగాల్స్ కంటే ముందు ఆ కుర్చీలో ఎడ్వర్డ్ వార్నర్ కూర్చున్నాడు. అంటే పథకం ఈయనది కాదు. మహామాంద్యం ముంచుకొచ్చి ప్రతి డాలరుకూ లెక్క అడిగే రోజుల్లో దాన్ని ముందుకు నడిపించడం ఈయన పని. నాకైతే ఇది బెలూన్ కాల్చడం కంటే కష్టమనిపిస్తుంది. యుద్ధం అంటే ఇష్టపడే మీ బాబాయి ఒప్పుకోడనుకో.

1932లో ఒహాయో గవర్నరు పదవికి పోటీచేసి ఓడిపోయాడు. దాన్ని దాచకు, సాగదీయనూ వద్దు. ఆయన వదిలిన సహాయ కార్యదర్శి పదవి మాత్రం 1941 దాకా ఖాళీగానే ఉండిపోయింది. చివరికి అందులోకి వచ్చింది ఎవరనుకున్నావు? ఆర్టెమస్ గేట్స్, యేల్‌లో ఆయనతో కలిసి ఎగరడం నేర్చుకున్నవాడే. రెండో యుద్ధంలో ఇంగాల్స్ మళ్ళీ యూనిఫాం తొడిగి పెర్ల్ హార్బర్ విమాన స్థావరం చూసుకున్నాడు. దీనికి ఒక పేరా ఇవ్వు.

ఆ "ఆకాశవీరుడు" అన్న శీర్షిక తీసెయ్యి. తిరగరాశాక ఫోన్‌కి పంపకు, ఆ చిన్న అక్షరాలు నా కళ్ళకి ఆనడం లేదు. ప్రింటు తీసి, వరసల మధ్య ఖాళీ ఎక్కువ వదిలి కొరియర్ చెయ్యి.

మీ పెదనాన్న