జబ్బు తగ్గినా పరీక్షలో పాజిటివ్ ఎందుకు వస్తుంది?

ప్రశ్న: మా మామగారికి 67 ఏళ్లు. జ్వరం, దగ్గు మొదలైన ఆరో రోజున ఆయాసం రావడంతో కర్నూలులోనే ఒక ఆసుపత్రిలో చేర్చాము. కరోనా అని తేలింది. నాలుగు రోజులు ఆక్సిజన్ పెట్టారు, స్టెరాయిడ్ ఇచ్చారు. పన్నెండు రోజుల తర్వాత మళ్లీ పరీక్ష చేయకుండానే ఇంటికి పంపించారు. మనసు ఊరుకోక మావారు ప్రైవేటు ల్యాబ్‌లో ఆర్‌టీపీసీఆర్ చేయిస్తే మళ్లీ పాజిటివ్ అనే వచ్చింది. రిపోర్టులో సీటీ విలువ 33 అని ఉంది. జ్వరం వచ్చిన రోజు నుంచి లెక్కిస్తే నేటికి 24వ రోజు. ఆయన మిద్దె మీద గదిలో ఒక్కరే ఉంటున్నారు, అన్నం పళ్లెం గడప దగ్గర పెట్టి దిగి వస్తున్నాను. మా అత్తగారికి షుగరు ఉంది, ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. ఇంకా ఎన్నాళ్లు ఇలా ఉంచాలి? ఆసుపత్రివాళ్లు తొందరపడి పంపించేశారా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: అమ్మా, మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఆసుపత్రివారు తొందరపడలేదు. కరోనా మొదలైన కొత్తలో మన దేశంలో 24 గంటల వ్యవధిలో రెండుసార్లు నెగెటివ్ వస్తే తప్ప రోగిని ఇంటికి పంపేవారు కాదు. రాష్ట్రంలోకెల్లా ఎక్కువ కేసులు కర్నూలు జిల్లాలోనే ఉన్న రోజులవి. ఒంట్లో నెమ్మదించి, తిని తిరుగుతున్న మనిషి కూడా ఆ రెండు నెగెటివ్‌ల కోసం మంచం పట్టుకుని ఉండవలసి వచ్చేది. 2020 మే 8న కేంద్ర ఆరోగ్య శాఖ ఈ నిబంధనను మార్చింది. దాని ప్రకారం, జబ్బు ఒక మోస్తరుగా ఉన్నవారిని, జ్వరం తగ్గి, ఆక్సిజన్ తీసేసిన తర్వాత కూడా వరుసగా కొన్ని రోజులు రక్తంలో ఆక్సిజన్ శాతం నిలకడగా ఉంటే, మళ్లీ పరీక్ష లేకుండానే పంపవచ్చన్నారు. బాగా తీవ్రంగా జబ్బుపడినవారికి మాత్రం లక్షణాలు తగ్గాక ఒకసారి నెగెటివ్ రావాలన్నారు. మీ మామగారిని మొదటి కోవలోకి తీసుకున్నట్టు కనిపిస్తోంది.

ఇక పాజిటివ్ సంగతి. ఆర్‌టీపీసీఆర్ పరీక్ష వెతికేది వైరస్ జన్యు పదార్థాన్ని, అంటే ఆర్‌ఎన్‌ఏ ముక్కలను. ఆ ముక్క బతికున్న వైరస్‌దా, మన శరీరం చంపేసిన వైరస్‌దా అన్నది ఆ పరీక్ష చెప్పలేదు. పెళ్లివారు వెళ్లిపోయినా పందిరి గుంజలు నాలుగు రోజులు అక్కడే ఉన్నట్టు, వైరస్ నశించాక కూడా దాని ముక్కలు ముక్కులో, గొంతులో కొన్ని వారాలు మిగిలి ఉంటాయి. సీటీ విలువ అంటే ఆ ముక్కలు కంటపడేదాకా యంత్రం ఎన్నిసార్లు వాటిని రెట్టింపు చేయవలసి వచ్చిందన్న లెక్క. అంకె పెరిగేకొద్దీ సరుకు తక్కువని అర్థం. 23కూ 33కూ మధ్య ఉన్న పది అంకెల తేడా దాదాపు వెయ్యి రెట్ల తేడా. అయితే పుల్లతో నమూనా తీసిన తీరును బట్టి, ల్యాబ్ వాడే కిట్‌ను బట్టి ఈ అంకె మారుతుంది కనుక, దాని ఒక్కదాని మీదే ఆధారపడి నిర్ణయం తీసుకోమని నేను చెప్పను.

ఆసుపత్రిలో చేరిన పెద్దవారిలో ఈ వైరస్ ఎన్నాళ్లు కనిపిస్తుందన్న లెక్క మొదట చైనాలోని వూహాన్ నుంచి వచ్చింది. అక్కడి రెండు ఆసుపత్రులలో చేరిన 191 మంది వివరాలను వైద్యులు 2020 మార్చిలో ప్రచురించారు. బతికి బయటపడిన 137 మందిలో వైరస్ ఆర్‌ఎన్‌ఏ కనిపించిన కాలం మధ్యస్థంగా 20 రోజులు, అతి తక్కువగా 8 రోజులు, అత్యధికంగా 37 రోజులు. చనిపోయినవారిలో అది చివరి వరకూ కనిపిస్తూనే ఉంది. ఈ 37 అన్న అంకె అప్పట్లో చాలామందిని భయపెట్టింది, అన్ని రోజులూ రోగి నుంచి జబ్బు అంటుతుందేమోనని అనుకున్నారు. కానీ అది ముక్కలు కనిపించిన కాలం, అంటుకునే కాలం కాదు.

అంటుకునే కాలం తెలియాలంటే రోగి నుంచి తీసిన నమూనాను ప్రయోగశాలలో పెంచిన కణాల మీద వేసి, వైరస్ అక్కడ పెరుగుతుందో లేదో చూడాలి. జర్మనీలోని మ్యూనిక్‌లో తొమ్మిది మంది రోగుల విషయంలో ఈ పని చేశారు. లక్షణాలు మొదలైన 8 రోజుల తర్వాత తీసిన ఏ నమూనాలోనూ వైరస్ పెరగలేదు, అప్పటికీ ఆర్‌ఎన్‌ఏ మాత్రం దండిగా ఉంది. వారివి తేలికపాటి జబ్బులు కదా, మా మామగారికి ఆక్సిజన్ పెట్టారు కదా అని మీరు అడగవచ్చు. అది న్యాయమైన సందేహమే. దానికి నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ వైద్యులు చేసిన పరిశీలన సరిపోతుంది. అక్కడ ఆసుపత్రిలో చేరిన 129 మందిని చూశారు, వారిలో వెంటిలేటర్ మీద ఉన్నవారూ ఉన్నారు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారూ ఉన్నారు. బతికున్న వైరస్ దొరికిన కాలం మధ్యస్థంగా 8 రోజులే. లక్షణాలు మొదలై 15 రోజులు దాటేసరికి అది దొరికే అవకాశం నూటికి అయిదు కంటే తగ్గిపోయింది, అందరికంటే ఆలస్యంగా దొరికింది 20వ రోజున. వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు రక్తంలో తయారైనవారి నమూనాలలో అది పెరగడం ఇంకా అరుదు. తీవ్రంగా జబ్బుపడినవారికి ఏకాంతవాసం 20 రోజుల వరకు పొడిగించవచ్చని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2020లో చెప్పడం వెనుక ఇలాంటి పరిశీలనలే ఉన్నాయి.

దక్షిణ కొరియాలో మీ ఇంటి సంగతిలాంటిదే పెద్ద ఎత్తున జరిగింది. కోలుకుని ఇంటికి వెళ్లాక మళ్లీ పాజిటివ్ వచ్చిన 285 మందిని, వారితో మెలిగిన 790 మందిని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ 2020లో పరిశీలించింది. ఆ మళ్లీ వచ్చిన పాజిటివ్ కాలంలో వారి నుంచి కొత్తగా ఎవరికైనా జబ్బు అంటిందనడానికి ఆధారం దొరకలేదు. వారిలో 108 మంది నమూనాలను కణాల మీద పెంచి చూస్తే ఒక్కదానిలోనూ వైరస్ పెరగలేదు.

మరొక సంగతి ఉంది, మీరు దీన్ని మనసుకు తెచ్చుకోవాలి. ఇలాంటిదే మరో కరోనా వైరస్ వల్ల వచ్చిన 2003 నాటి సార్స్ జబ్బులో వైరస్ పదో రోజు ప్రాంతంలో పతాక స్థాయికి చేరేది, అంటే రోగి ఆసుపత్రిలో ఉన్నప్పుడు. కోవిడ్‌లో అలా కాదు, లక్షణాలు కనిపించడానికి కాస్త ముందు నుంచి మొదటి వారంలోనే ముక్కులో, గొంతులో వైరస్ అత్యధికంగా ఉంటుంది. అంటే మీ అత్తగారికీ, పాపకూ నిజంగా ముప్పు ఉన్నది ఇది మామూలు జ్వరమే అనుకుని అందరూ ఒకచోట కూర్చుని తిన్న ఆ మొదటి ఆరు రోజులలో. ఇన్నాళ్లయినా వారికి ఏ లక్షణమూ రాలేదంటే ఆ గండం గడిచినట్టే.

కాబట్టి జ్వరం పూర్తిగా తగ్గి, ఆయాసం లేకుండా, 24వ రోజులో ఉన్న మీ మామగారిని కిందికి పిలిపించుకుని అందరితోపాటు అన్నం పెట్టండి. పొడి దగ్గు ఇంకా కొన్ని వారాలు ఉండవచ్చు, అది అంటుకునే లక్షణమని అనుకోవద్దు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ ఒంటరితనమే. చావు అంచుల దాకా వెళ్లి వచ్చిన పెద్దమనిషికి ఆకలి, నడక, మాట తిరిగి రావలసిన రోజులివి. గడప దగ్గర పెట్టిన పళ్లెంతో అవి రావు.

అయితే ఒక మినహాయింపు ఉంది. రక్త క్యాన్సర్ ఉన్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు, రోగనిరోధక శక్తిని అణిచే మందులు దీర్ఘకాలంగా వాడేవారు ఈ లెక్కలోకి రారు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో రక్త క్యాన్సర్ ఉన్న 71 ఏళ్ల మహిళ నుంచి, ఆమెకు కోవిడ్ లక్షణాలేవీ లేకపోయినా, 70వ రోజు వరకు బతికున్న వైరస్ దొరికింది. కోవిడ్‌కు సాధారణంగా ఇచ్చే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్, రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున పది రోజుల వరకు వాడినంత మాత్రాన మనిషి ఆ కోవలోకి రాడు. డిశ్చార్జ్ కాగితం తీసి, ఇంటికి వచ్చాక కూడా స్టెరాయిడ్ కొనసాగించమని రాశారేమో చూడండి. రాసి ఉంటే మీ అంతట మీరు ఆపకుండా, చూసిన డాక్టరు గారినే అడగండి.

ప్రశ్న: ముక్కు పరీక్షలో నెగెటివ్ వచ్చినా మలంలో వైరస్ ఉంటుందని విన్నాను. ఇంట్లో అందరికీ ఒకటే మరుగుదొడ్డి. భయపడాలా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: విన్నది నిజమే. పలు పరిశీలనలను కలిపి చూసిన లెక్కలో, మలంలో ఆర్‌ఎన్‌ఏ సగటున 17 రోజులు, ఒకరిలో 126 రోజుల వరకు కనిపించింది. కానీ మలం నుంచి బతికున్న వైరస్ పెరగడం చాలా అరుదు. సబ్బుతో చేతులు కడుక్కోవడం, దొడ్డి శుభ్రంగా ఉంచుకోవడం చాలు.

ప్రశ్న: మా అమ్మకు కరోనా తగ్గి నలభై రోజులైంది. కంటి శుక్లం ఆపరేషన్‌కు ముందు చేసిన పరీక్షలో పాజిటివ్ వచ్చిందని వాయిదా వేశారు. నెగెటివ్ వచ్చేదాకా వారం వారం పరీక్ష చేయించాలా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: అవసరం లేదు. కొత్తగా లక్షణాలు లేనివారికి జబ్బు మొదలైన నాటి నుంచి మూడు నెలల వరకు మళ్లీ ఈ పరీక్ష చేయవద్దని సీడీసీ 2020లోనే సూచించింది, కారణం పైన చెప్పిన మిగులు ముక్కలే. మొదటిసారి జ్వరం వచ్చిన తేదీ ఉన్న ఆసుపత్రి కాగితాన్ని కంటి డాక్టరు గారికి చూపండి. ఆపరేషన్ ఎప్పుడు చేయవచ్చన్నది ఆమె ఊపిరి, ఆక్సిజన్ శాతం, షుగరు, బీపీ చూసి వారు చెబుతారు.