టెక్ సందేహాలు: గిటార్ ట్యూనర్‌కు మీ కాంటాక్ట్స్‌తో ఏం పని?

"ఎలక్ట్రిక్ గిటార్‌కు కొత్త స్ట్రింగ్స్ వేశాను. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి సరిచేస్తే అన్నీ పచ్చగానే చూపిస్తోంది. రెండు పాటలు వాయించేసరికి మళ్లీ అన్నీ దిగిపోతున్నాయి. ఫోన్ మైక్ పాడైందా? మంచి యాప్ ఏదైనా చెప్పగలరా?" – కాకినాడ నుంచి ఓ ఇంజినీరింగ్ విద్యార్థి

ఊరి పేరు మారుతుందే తప్ప ఈ ప్రశ్న మాత్రం ఆగకుండా వస్తూనే ఉంది. మైక్ బాగానే ఉంది, యాప్ కూడా ఉన్నదే చెబుతోంది. దిగిపోతున్నది స్ట్రింగే. కొత్త తీగ సాగుతుంది, పెగ్ (తీగ బిగించే మర) మీది చుట్లు సర్దుకుంటాయి. తీగ వేశాక 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు గీత) దగ్గర వేళ్లతో పట్టుకుని మెల్లగా పైకి లాగి వదలండి, మళ్లీ ట్యూన్ చేయండి. దిగడం ఆగేదాకా అదే పని. పెగ్‌కు రెండు మూడు చుట్లు చాలు, అవీ ఒకదాని కింద ఒకటిగా పడాలి. శ్రుతి దాటిపోతే కిందికి బాగా దించి, మళ్లీ పైకి ఎక్కిస్తూ ఆపండి. పెగ్ తిప్పుతుంటే టిక్కుమని చప్పుడైతే తీగ నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడిలో ఇరుక్కుంటున్నట్టు. ఆ గాడిలో పెన్సిల్ ముల్లుతో నాలుగు గీతలు గీయండి.

మీ గిటార్‌ది తేలే బ్రిడ్జ్ (తీగల అడుగు చివర పట్టుకునే, కదిలే లోహపు దిమ్మ) అయితే ఆరు తీగలూ ఒకేసారి తీయొద్దు. వెనక స్ప్రింగులు ఒకవైపు, ముందు తీగలు ఇంకోవైపు లాగుతుంటేనే ఆ బ్రిడ్జ్ నిలబడుతుంది. అలవాటయ్యేదాకా ఒక్కోటే తీసి ఒక్కోటే వేయండి. 9 గేజ్ (తీగ మందం) తీసి, అంతకంటే లావైన 10 వేస్తే లాగుడు పెరిగి బ్రిడ్జ్ ముందుకు లేస్తుంది. స్ప్రింగులు బిగించే స్క్రూలు వెనక ప్లేట్ కింద ఉంటాయి.

యాప్ విషయంలో చూడాల్సినవి రెండే. సెట్టింగ్స్‌లో ‘A’ అనే స్వరం 440 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు) మీద ఉందా అన్నది ఒకటి. పొరపాటున వేలు తగిలి 432 అయితే మీ గిటార్ తనలో తాను శ్రుతిగానే ఉంటుంది, పక్కన కీబోర్డ్ వాయించేవాడితో మాత్రం కలవదు. రెండోది లావు తీగ. దాని స్వరం 82 హెర్ట్జ్ చిల్లర. ఫోన్‌లోని చిన్న మైక్‌కు అంత కింది స్వరాలు సరిగా అందవు, ఆంప్ (శబ్దం పెంచే పెట్టె) పెట్టని ఎలక్ట్రిక్ గిటార్‌కు గొంతే అంతంతమాత్రం. అందుకే సూది అటూ ఇటూ గెంతుతుంది. గిటార్ స్విచ్‌ను నెక్ దగ్గరి పికప్ (తీగ కంపనాన్ని పట్టే భాగం) మీద పెట్టి, టోన్ నాబ్ బాగా తగ్గించి, ఆంప్ పక్కన ఫోన్ పెట్టండి. లేదంటే 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ మోగించండి (తీగను నొక్కకుండా వేలు తాకించి మీటడం), 165 హెర్ట్జ్ దగ్గర మైక్ తడబడదు.

అసలు నన్ను కలవరపెట్టింది ప్రశ్న కాదు, దానితో వచ్చిన స్క్రీన్‌షాట్. ఆ ట్యూనర్ మైక్‌తో పాటు కాంటాక్ట్స్, లొకేషన్, నోటిఫికేషన్లు చదివే అనుమతి అడిగింది. ఈయన మూడింటికీ అలౌ కొట్టేశారు! తీగ మోగితే విని హెర్ట్జ్ లెక్కేసే యాప్‌కు మీ మేనమామ నంబర్‌తో ఏం పని? ట్యూనర్‌కు కావలసింది మైక్ ఒక్కటే, అదీ యాప్ తెరిచి ఉన్నంతసేపు మాత్రమే. ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి చూడండి. అప్పుడు పనిచేయని ట్యూనర్ యాప్‌ను నేనైతే అక్కడికక్కడే తీసేస్తాను.

తర్వాత వచ్చేది మూడు రోజుల ఫ్రీ ట్రయల్. దాని కోసం యూపీఐ ఆటోపే ఒప్పుకుంటారు, నాలుగో రోజు యాప్ తీసేస్తారు, నెల తిరిగాక డబ్బు కట్ అయిందని నాకు రాస్తారు. యాప్ తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ పోదు. ఆటోపేకు ఒకసారి పిన్ కొట్టి ఒప్పుకుంటే, ఆ తర్వాత 15,000 రూపాయల దాకా ఒక్కో కోతకు మళ్లీ పిన్ అడగరు. డబ్బు తీసేముందు 24 గంటల ముందే కబురు రావాలన్న నిబంధన ఉంది, వస్తుంది కూడా. కానీ ఆ మెసేజ్ ఆఫర్ల మెసేజ్‌ల మధ్య ఎక్కడో కలిసిపోతుంది. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోటికి వెళ్లి రద్దు చేయండి. ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ల పేజీ కూడా చూడండి.

ఈ దోపిడీకి విసిగి కుర్రాళ్లు చేసే పనే అసలు ప్రమాదం. "ప్రో వెర్షన్ ఫ్రీ" అంటూ టెలిగ్రామ్ గ్రూపులో దొరికిన ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్ బయటి నుంచి యాప్ ఎక్కించే ఫైల్) ఎక్కించుకుంటారు. అది యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతుంది. ఆ సదుపాయం చూపు లేనివారికి తెర చదివి వినిపించేందుకు, చేతులు కదపలేనివారి తరఫున బటన్లు నొక్కేందుకు పెట్టింది. దొంగ చేతిలో పడితే అదే యాప్ మీ బ్యాంకు స్క్రీన్ చదువుతుంది, మీ బదులు బటన్ నొక్కుతుంది. నోటిఫికేషన్లు చదివే అనుమతి కూడా ఇచ్చేశారంటే ఓటీపీ కూడా దాని చేతికే. ఇక మీరు ఎవరికీ ఓటీపీ చెప్పలేదని ఎంత మొత్తుకున్నా ఏం లాభం?

ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా బయటి నుంచి వచ్చిన యాప్‌లకు ఈ అనుమతి నేరుగా ఇవ్వడానికి కుదరకుండా అడ్డం పెట్టారు. మంచి పనే. కానీ ఆ అడ్డు తీయడమెలాగో చెప్పే వీడియో ఆ ఏపీకే లింకు కిందే పెడుతున్నారు, మనవాళ్లు దాన్ని చూసి మరీ తీస్తున్నారు. తాళం పెట్టినవాడిని ఏమనగలం?

ఇప్పటికే ఎక్కించి ఉంటే ముందు నెట్ ఆపండి. యాక్సెసిబిలిటీ జాబితాలో దాన్ని ఆఫ్ చేసి, తర్వాత యాప్ తీసేయండి. తీయనివ్వకపోతే సెట్టింగ్స్‌లోని డివైస్ అడ్మిన్ (ఫోన్ మీద పెత్తనం ఇచ్చిన యాప్‌ల) జాబితాలో ఉందేమో చూసి, అక్కడా ఆఫ్ చేయండి. బ్యాంకు పాస్‌వర్డ్ ఇంకో ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

యాప్ పేరు అడిగారు. చెప్పను. గిటార్ తలకు తగిలించే క్లిప్ ట్యూనర్ కొనుక్కోండి. అది గాలిలో శబ్దం వినదు, చెక్కలోని కంపనం పట్టుకుంటుంది. పక్కన డ్రమ్స్ మోగుతున్నా దానికి పట్టదు. ఒక బటన్ బ్యాటరీ వేస్తే చాలు, లాగిన్ లేదు, అప్‌డేట్ లేదు.

అప్‌డేట్ అంటే గుర్తొచ్చింది. ఇప్పుడొస్తున్న చిన్న ప్రాక్టీస్ ఆంప్‌ల మీద రెండో మూడో నాబ్‌లు, మిగతాదంతా యాప్‌లో. ట్రెబుల్ కాస్త పెంచాలంటే ఫోన్ తీయాలి, బ్లూటూత్ కలపాలి, "కొత్త ఫర్మ్‌వేర్ (ఆంప్ లోపలి సాఫ్ట్‌వేర్) వచ్చింది, ముందు అది వేయండి" అంటే పావుగంట కాచుకోవాలి. ఈలోగా వాయించాలన్న ఉత్సాహం కాస్తా పోతుంది. రేపు ఆ యాప్‌ను స్టోర్ నుంచి తీసేస్తే, లేదా మీ కొత్త ఫోన్‌లో అది పనిచేయకపోతే, ఆంప్‌లో సగం చచ్చినట్టే. నలభై ఏళ్ల నాటి నాబ్‌ల ఆంప్‌ను మెకానిక్ విప్పి కెపాసిటర్ మార్చి ఇచ్చేస్తాడు. సర్వర్ మూసేసిన కంపెనీని ఏ మెకానిక్ బాగుచేస్తాడు? గొంతు మార్చే సెట్టింగులు వందలుంటే ఉండనివ్వండి, గెయిన్, బాస్, మిడ్, ట్రెబుల్, వాల్యూమ్ ఐదూ పెట్టె మీద ఉండాలి. అవి లేని ఆంప్ ఎంత చవగ్గా వచ్చినా కొనొద్దు.

"రాత్రిళ్లు ఇంట్లోవాళ్లు పడుకున్నాక బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో గిటార్ ప్రాక్టీస్ చేస్తే చప్పుడు ఆలస్యంగా వినిపిస్తోంది. అప్‌డేట్ వేస్తే తగ్గుతుందా?" – వరంగల్ పాఠకుడు

తగ్గదు. మామూలు బ్లూటూత్‌లో శబ్దం చేరడానికి తరచూ సెకనులో పదో వంతుకు పైనే పడుతుంది. సినిమా ప్లేయర్ బొమ్మను కూడా అంతే ఆపి కలిపేస్తుంది కాబట్టి అక్కడ తెలియదు. మీ వేలిని ఎవరు ఆపుతారు? వైరున్న హెడ్‌ఫోన్స్‌ను ఆంప్ హెడ్‌ఫోన్ జాక్‌లో పెట్టండి. పెట్టేముందు వాల్యూమ్ సున్నాకు తగ్గించండి.